ఈత మాటెత్తని ఇల్లు

బట్టల తీగ మీద ఆ నల్లటి ఈత దుస్తులు కనపడకపోయి ఉంటే ఆ పొద్దు కూడా అన్ని పొద్దుల్లాగే గడిచిపోయేది. ఆల్డెన్ అయిదింటికి కాఫీ కప్పు పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. తన రబ్బరు చేతొడుగులకీ, తల్లి ఈనిడ్ కట్టుకునే వంటింటి ఆప్రాన్‌కీ మధ్య కూతురి ఈత దుస్తులు ఇంకా తడి ఆరకుండా వేలాడుతున్నాయి.

మా తీరంలో లాబ్‌స్టర్లనే పెద్ద సముద్రపు రొయ్యల వేట మీద బతికేవాళ్ళలో సగం మందికి ఈత రాదు. ఈ మాట వింటే బయటివాళ్ళు నోళ్ళు తెరుస్తారు. మావాళ్ళు మాత్రం నవ్వేస్తారు. ఈ నీళ్ళు ఆగస్టులో కూడా ఎముకలు కొరుకుతాయి, బూట్ల నిండా నీళ్ళు చేరాక ఇంకా ఈదేదెక్కడ, ఈత వస్తే చావు కాస్త ఆలస్యమవుతుంది అంతేగా అంటారు. ఆల్డెన్ కూడా అదే మాట అంటాడు గానీ నవ్వడు. అతని ఇంట్లో అసలు ఈత మాటే ఎత్తకూడదు.

"హేజెల్! ఏంటే అది తీగ మీద?"

ఇరవై ఒక్కేళ్ళ హేజెల్ వంటింట్లో రొట్టెకి వెన్న రాసుకుంటోంది. తల్లి లోర్నా అప్పటికే ఆస్పత్రిలో డ్యూటీకి వెళ్ళిపోయింది. అడ్డం పడేవాళ్ళు లేరని తెలిసి కూడా ఆ పిల్ల తొణకలేదు.

"ఈత దుస్తులు నాన్నా. ఎండ్రకాయ కాదుగా, కరవదులే."

"వేళాకోళాలు ఆపు. ఎక్కడ తడిసింది?"

"బ్లూబెర్రీ తోటల వెనక చెరువులో. వారం నుంచీ వెళ్తున్నా."

ఆల్డెన్ కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడికి పొయ్యి దగ్గరున్న ఈనిడ్ ఇటు తిరిగింది.

"వద్దని నీకెన్నిసార్లు చెప్పాను?"

"అదేదో మా కాలేజీకి చెప్పు. ఈత పరీక్ష ప్యాసవందే డిగ్రీ కాగితం ఇవ్వరట. వచ్చే శనివారం ఆఖరి అవకాశం. అదీ పోతే ఇక్కడి బళ్ళో సైన్సు టీచరు ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చేస్తారు."

ఆ పరీక్ష పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. కాలేజీ కొలనులో ఈ కొస నుంచి ఆ కొసకి నాలుగు వరసలు ఈదాలి. హేజెల్ మూడేళ్ళు తప్పించుకుని, వసంతంలో దిగి, రెండో వరసలోనే పరీక్ష తప్పింది. ఊపిరి అందకపోగానే ఆమె చెయ్యి దానంతటదే పక్కన నీళ్ళ మీద తేలే హద్దు తాడు పట్టుకుంది. ఎనిమిదేళ్ళప్పుడు పడవ ఎక్కించిన రోజే ఆల్డెన్ నేర్పిన మొదటి పాఠం అది. చేతికి ఏం దొరికినా పట్టుకో, ప్రాణం పోయినా వదలకు. ఈ పిల్ల వదల్లేదు. తాడు పట్టుకుంటే పరీక్ష చెల్లదన్నారు అక్కడ.

"మా ఇంట్లో ఈత కుదరదని నేను రాసిస్తాను," అన్నాడు ఆల్డెన్.

"ఎందుకు కుదరదో కూడా రాస్తావా?" హేజెల్ కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. "నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ అడుగుతున్నా. చలి అంటావు, బూట్లంటావు. ఆ చెరువులో చలీ లేదు, నా కాళ్ళకి బూట్లూ లేవు. మరి నీ భయమేంటి? నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది నాన్నా."

ఈనిడ్ పొయ్యి ఆర్పేసింది.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"అమ్మా, నువ్వు ఊరుకో."

"నలభై ఏళ్ళు ఊరుకున్నాన్రా. చాలదా?" ముసలావిడ మనవరాలి వైపు తిరిగింది. "మీ రాయిస్ పెదనాన్న సముద్రంలో పోయాడని తెలుసుగా? వాడికి ఈత వచ్చు. ఈ రేవు మొత్తానికి వాడొక్కడికే వచ్చు."

హేజెల్ నిలువుగుడ్లు వేసుకుని చూసింది. ఇంట్లో రాయిస్ ఫోటో ఉంది గానీ ఆ మాట ఎవరూ ఏనాడూ అనలేదు.

"నాకప్పుడు పధ్నాలుగేళ్ళు," అన్నాడు ఆల్డెన్ గోడకేసి చూస్తూ. "లాబ్‌స్టర్లు పట్టే బోను తాడు కాలికి చుట్టుకుని పడవలోంచి నీళ్ళలో పడిపోయాను. అన్నకి ఈత రాకపోయి ఉంటే పడవలోనే నిలబడి ఏ తాడో విసిరేవాడు. ఈత వచ్చు గనక దూకాడు. నేను వాడి మెడ పట్టుకున్నాను. వదలమని అరిచాడు. నేను వదల్లేదు. నాన్న కొక్కెం వేసి నన్ను పైకి లాగేసరికి వాడు లేడు." అతను కూతురి వైపు తిరిగాడు. "ఈత వచ్చినవాళ్ళే దూకుతారు హేజెల్. నువ్వూ దూకుతావు. నీ సంగతి నాకు తెలీదూ?"

హేజెల్‌కి కళ్ళనీళ్ళు ఆగలేదు. దగ్గరికెళ్ళి తండ్రి చెయ్యి పట్టుకుంది. తాళ్ళు లాగీ లాగీ కాయలు కాచిన చెయ్యి.

"కాలేజీ కొలను దగ్గర మొదటిరోజు మాకేం చెప్పారో తెలుసా నాన్నా? ఎవరైనా మునుగుతుంటే దూకొద్దని. ఏదైనా విసరమని. మునిగేవాడు ఎవర్ని పట్టుకున్నా వదలడట. అది వాడి తప్పు కాదట, ఒళ్ళు చేసే పని. నేను నమ్మలేదు. తర్వాత నేనేం చేశాను? నడుం లోతు నీళ్ళు, కాళ్ళకి నేల తగుల్తూనే ఉంది, అయినా తాడు పట్టుకున్నాను. వదలమని పరీక్ష పెట్టినావిడ అరుస్తూనే ఉంది. నాకు వినపడితేగా! సముద్రంలో పడ్డ పధ్నాలుగేళ్ళ పిల్లాడివి, నువ్వెలా వదుల్తావు?"

ఆల్డెన్ టోపీ పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆ రోజు అతని పడవ మాత్రం రేవు కదల్లేదు.

పదింటికి హేజెల్ చెరువు దగ్గరికి వెళ్తే గట్టు మీద ఒక జత బూట్లు కనపడ్డాయి. మోకాళ్ళ దాకా ప్యాంటు మడిచి ఆల్డెన్ నీళ్ళలో బిక్కచచ్చి నిలబడి ఉన్నాడు. పక్కనే మడత కుర్చీ వేసుకుని ఈనిడ్ కూర్చుంది.

"ఈదడం నాకొద్దు," అన్నాడతను. "పట్టుకోకుండా ఎలా ఉండాలో, అదొక్కటి నేర్పు."

హేజెల్ అతన్ని వెల్లకిలా పడుకోబెట్టి వీపు కింద చేతులు పెట్టింది. అతను ఆమె మణికట్టు పుచ్చుకున్నాడు. ఎముక విరుగుతుందేమో అన్నంత గట్టిగా.

"ఒరేయ్, పొట్ట పైకెత్తు!" అని గట్టు మీంచి ఈనిడ్ కేకేసింది. "పుట్టినప్పుడు కూడా ఇంతే, నా వేలు పట్టుకుని వదిలితేగా!"

ఆల్డెన్‌కి నవ్వొచ్చింది. నవ్వులో వేళ్ళు కాస్త సడలాయి. ఒకటి విడిచింది, తర్వాత మిగతావి. హేజెల్ చేతులు తీసేసింది. ఆల్డెన్ మునగలేదు. చెవులు నీళ్ళలో, కళ్ళు ఆకాశం మీద, రెండు చేతులూ ఖాళీగా తేలుతూ ఉన్నాడు. గట్టు మీద వాళ్ళమ్మ ఆప్రాన్‌తో కళ్ళు తుడుచుకుంటూ ఉండిపోయింది.

శనివారం పరీక్షకి ఆల్డెన్ కూడా వెళ్ళాడు. మూడో వరసలో హేజెల్‌కి ఊపిరి తగ్గింది. కుడిచెయ్యి మెల్లగా తాడు వైపు జరిగింది. కొలను గట్టు మీద, ఆదివారం చర్చికి వేసుకునే బూట్లు వేసుకున్న ఒక పెద్దమనిషి లేచి నిలబడి హాలంతా అదిరేలా అరిచాడు.

"వదిలెయ్యమ్మా! వదిలెయ్!"

ఈసారి హేజెల్‌కి వినపడింది.