ఎగరని ఉల్లంకి

"పడిందా ఫోటో?" చెవిలోని రిసీవర్ అడిగింది.

"తోక పడింది బావా. పిట్ట పరిగెత్తింది."

మోచేతుల దాకా బురదలో కూరుకుపోయి బోర్లా పడుకున్న ఏజెంట్ పళ్లు నూరాడు. లెన్స్ మీద బురద. తుడవబోతే చేతికి అంతకన్నా ఎక్కువ బురద.

ఎదురుగా వందలాది ఉల్లంకి పిట్టలు. సగం కునుకుతున్నాయి, మిగతా సగం వాటి మధ్య నుంచి పరుగులు తీస్తున్నాయి. వాటిలో ఒక్కటి బొమ్మ. దాని కడుపులో ట్రాన్స్‌మిటర్. పోటు నీళ్లు తాకగానే సిగ్నల్ వెళ్తుంది. ఓడల కాలువ అడుగున విదేశీ ముఠా దాచిన మైన్ పేలుతుంది. సైనికులతో నిండిన ఓడ అప్పటికే కాలువలోకి వచ్చేసింది. ఆ ఇరుకులో వెనక్కి తిప్పే వీల్లేదు.

ఫోటోలు తీసి, పెద్దవి చేసి, బొమ్మను పట్టుకోవాలి. అదీ ప్లాన్. కంట్రోల్ రూమ్‌లో కూర్చున్న బావే అతనికి ఈ విద్య నేర్పాడు.

"ఒక్క కేక పెడితే నిజమైనవన్నీ లేచిపోతాయి కదా బావా!"

"లేపావో, ఓడ గోవిందా! ఒడ్డున వాళ్ల మనిషి బటన్ పట్టుకుని కూర్చున్నాడు. అయినా ఫోటోగ్రాఫర్ అన్నవాడు పిట్టల్ని బెదరగొడతాడా? కొంగలా ఓపిక పట్టు బావమరిదీ."

మరో ఫోటో. ఈసారి రెక్క. మరొకటి. ఖాళీ బురద. నీళ్లు పిట్టల కాళ్లకు జానెడు దూరంలోకి వచ్చాయి.

నీళ్లు తగిలినా పేలుడే, బటన్ నొక్కినా పేలుడే. ఏజెంట్ సహనం చచ్చింది.

"కొంగ ఓపిక కొంగకే ఉండనీ!"

పిడికెడు బురద తీసి గురి చూసి విసిరాడు. గుంపంతా ఒక్కసారిగా గాల్లోకి లేచింది.

ఒక్కటి లేవలేదు.

పొట్ట మీద జారుతూ వెళ్లి దాన్ని ఎత్తాడు. అల దాని కాళ్ల గుర్తుల్ని మింగేసింది. బొమ్మ కడుపు చీల్చి బ్యాటరీ పీకాడు.

పేలుడు లేదు. ఓడ నింపాదిగా సాగిపోయింది.

కాసేపటికి చీఫ్ పడవ వచ్చింది. పక్కనే నల్లకళ్లద్దాల సుందరి, ముఠా జీతం తింటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్.

"ఫోటోలు బాగా వచ్చాయా?" అందామె. అది కోడ్ వర్డ్.

"ఇప్పుడా కోడ్ వర్డ్? తోకలొచ్చాయి!"

"మరి పొద్దున్నే పిట్టల్ని లేపేస్తే పోయేదిగా?"

"బటన్ నొక్కేస్తారని..."

"ఏ బటన్? బటనే లేదు, అంతా నీళ్ల మీదే పెట్టుకున్నారని నిన్ననే కబురు పంపాను!"

"ఆ కబురు నేనే కంట్రోల్ రూమ్‌కి అందించాను," చీఫ్ గొంతు గట్టిపడింది. "ఉందని నీకు చెప్పిందెవరు?"

ఏజెంట్ చెవిలోని రిసీవర్‌ను తట్టాడు. ఉలుకూ పలుకూ లేదు.

"మా అక్క మొగుడు, సార్."