పన్నెండో భాగం వచ్చాక

పొద్దున్నే ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది అత్తగారి ఫోను. ఏడు కాకుండానే అభిమానుల గుంపు గొంతులు ఒకదాని వెనక ఒకటి మొదలవుతాయి. పళ్ళ డాక్టరు ఒకాయన, లారీ నడిపే ఆయన ఇంకొకరు, కాలేజీ అమ్మాయిలిద్దరు, ఇంకా బోలెడుమంది. వీళ్ళందరినీ ఒకచోట చేర్చినవి 'తూనీగ' అనే అంతరిక్ష నౌక కథలు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో పదకొండు భాగాలు వచ్చాయి. పదకొండో దాని చివర తూనీగ నల్లటి సుడిలోకి దూరిపోయింది. దాన్ని నడిపే ఒంటికన్ను సరంగు బతికిందో లేదో చెప్పకుండా రచయిత్రి తొమ్మిదేళ్ళు నోరు విప్పలేదు. ఇదిగో అదిగో అంటూ రెండుసార్లు తేదీ మార్చి, చివరికి పోయిన గురువారం పన్నెండోదాన్ని, ఆఖరిదాన్ని, జనం చేతుల్లో పెట్టారు.

"పెద్దమ్మా, ఎంతదాకా వచ్చారు? మీరు పూర్తి చేస్తేగానీ మేం నోరెత్తకూడదని ఒట్టేసుకున్నాం. కడుపు ఉబ్బిపోతోందండీ!" లారీ ఆయన గొంతు వంటింటి దాకా వినిపించింది.

"ఇంకా రెండొందల పేజీలున్నాయి నాయనా. కళ్ళు లాగుతున్నాయి, కాస్త ఓపిక పట్టండి," అంది అత్తగారు.

రొట్టెకి వెన్న రాస్తున్న కోడలి చెయ్యి ఆగింది. ఆమె పనిచేసేది కళ్ళద్దాల దుకాణంలో. ఈ పుస్తకం కోసమే అత్తగారికి పోయిన నెల కళ్ళు పరీక్ష చేయించి, అద్దాలు తనే అరగదీసి బిగించింది. ఆ అద్దాలతో కళ్ళు లాగడమంటే తన చేతిపనికి వంక పెట్టినట్టే. పైగా బస్సుల డిపోలో ముప్ఫై ఏళ్ళు రాకపోకల పద్దులు చూసి చకచకా చదవడం అలవాటైన మనిషి, వారం రోజుల్లో అంత పుస్తకం రెండుసార్లు తిరగేసి ఉండాలి.

అసలు చిక్కంతా ఆ పుస్తకంతోనే వచ్చింది. అత్తగారి గుండెలో కవాటం ఒకటి సరిగా మూసుకోవడం లేదు. ఆపరేషన్ చెయ్యాలన్నారు. "పన్నెండోది చదివాకే," అని అత్తగారు భీష్మించుకు కూర్చుంది. డాక్టరు మొదటిసారి నవ్వాడు. రెండోసారి నవ్వలేదు. ఇప్పుడు సోమవారానికి చోటు దొరికింది. ఈ సాయంత్రంలోగా అవునో కాదో చెప్పాలి. కాదంటే మళ్ళీ మూడు నెలలు, మూడు నెలలు ఆగే గుండె కాదది.

అత్తగారు స్నానానికి వెళ్ళినప్పుడు కోడలు దిండు గలీబు మార్చబోయింది. దిండు కింద పుస్తకం ఉంది. పైనున్న పల్చటి ప్లాస్టిక్ కాగితం చెక్కుచెదరలేదు. ఎనిమిది రోజులుగా చదువుతున్నానంటున్న పుస్తకాన్ని ఎవరూ కనీసం తెరవలేదు.

ఆమెకి ముందు కోపం వచ్చింది, తర్వాత భయం వేసింది. ఆపరేషన్ ఎగ్గొట్టడానికే ఇంత నాటకమా అనిపించింది. దుకాణానికి సెలవు పెట్టి భర్తకి ఫోన్ చేసింది.

అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఎక్కడో ఎనిమిదో అంతస్తులో పని సగంలో వదిలేసి, చేతులకి గ్రీజుతోనే వచ్చేశాడు. చెప్పులు విప్పకుండానే తల్లి గదిలోకి వెళ్ళాడు.

"రెండొందల పేజీలున్నాయన్నావు కదమ్మా. ఇదేంటి?"

అత్తగారు ఇంకా ఆరని జుట్టు దువ్వుకుంటూ కోడలి వంక చూసింది. "చెప్పేశావన్నమాట."

"చెప్పక ఏం చెయ్యమంటారు అత్తయ్యా? ఆస్పత్రి వాళ్ళు పొద్దుట్నుంచి రెండుసార్లు ఫోన్ చేశారు."

"ఇవాళ మొదలుపెడదామనుకున్నానురా," అని అత్తగారు నీళ్ళు నమిలింది.

"ఇవాళ మొదలుపెట్టి ఎప్పటికి పూర్తి చేస్తావు? వచ్చే ఏడాదికా? తొమ్మిదేళ్ళు ఆ పుస్తకం రావాలన్నావు. వచ్చింది. ఇంకా ఏం కావాలి నీకు? మేం ఏమైపోయినా పర్లేదు గానీ ఆ సరంగు బాగుంటే చాలా?"

"అరవకు. నా ఇష్టం. నా గుండె, నా పుస్తకం."

"నీ గుండేనా? మాకేం సంబంధం లేదా?"

"వచ్చే వారం చూద్దాంలే. ముందు చదవనీ."

అంతే, అతను దిండు కిందనుంచి చటుక్కున పుస్తకం లాక్కున్నాడు. ముందుగదిలోకి వెళ్ళి ధడాలున తలుపేసుకున్నాడు. ప్లాస్టిక్ కాగితం చిరిగిన చప్పుడు వినిపించింది. ఏం చేయబోతున్నాడో అర్థమై అత్తగారు మంచం కోడు పట్టుకుని నిలబడింది. "ఒరేయ్, వద్దురా! వద్దు!" అని అరిచింది. ఆవిడ అలా అరవడం కోడలు ఎప్పుడూ వినలేదు.

ఐదు నిమిషాలకి తలుపు తెరుచుకుంది.

"విను. సరంగు ఉన్న ఒక్క కన్నూ తీసి తూనీగకి పెట్టేస్తుంది. దారి కనిపించి నౌక సుడిలోంచి బయటికొచ్చేస్తుంది. ఆవిడ మాత్రం అక్కడే ఉండిపోతుంది. చచ్చిపోతుంది. కథ అయిపోయింది. ఇక చదవడానికేం లేదు, సోమవారం పద!"

కోడలు చప్పున వాళ్ళిద్దరి మధ్యకి వచ్చింది. ఆ పుస్తకాలు ఆమె ఒక్కటీ చదవలేదు, అదంతా తల్లీకొడుకుల పిచ్చి అనుకునేది. అయినా తొమ్మిదేళ్ళు కళ్ళు కాయలు కాచేలా చూసిన మనిషి ముందు ముగింపు విప్పి పారేయడం ఎంత పాపమో ఆమెకి తెలుసు. "ఏమిటండీ ఇది? ఇంత అన్యాయమా?" అంది.

అత్తగారు ఏడవలేదు. కొడుకు ముఖంలోకి చూసింది.

"నువ్వు ఆ పుస్తకం చదవలేదు," అంది.

"చదివాను. ఆఖరి అధ్యాయం."

"చదవలేదురా. ఆ ముగింపు నీది. నాలుగోది ఎప్పుడొస్తుందా అని మనం చూస్తున్నప్పుడు నీకు పదేళ్ళు. జ్వరంతో పడుకుని ఉన్నావు. కథ చివరికి ఏమవుతుందో చెప్పమ్మా అంటే, నువ్వే చెప్పు అన్నాను. సరంగు కన్ను తీసి నౌకకి ఇచ్చేస్తుందన్నావు. చెప్పింది నువ్వు, రెండు రోజులు ఏడ్చిందీ నువ్వే. ఆవిణ్ణి నేనే చంపేశానమ్మా అని."

అతని చేతిలో పుస్తకం కిందికి వాలింది. గ్రీజు చేతుల్తోనే ముఖం కప్పుకున్నాడు.

"ఆఖరి పేజీ తీశానమ్మా. చదవలేకపోయాను. నీకంటే ముందు నేనెప్పుడు చదివాను గనక? నువ్వు ఒక అధ్యాయం చదివి ఇస్తే నేను చదివేవాణ్ణి. నువ్వు లేకుండా అది ఎలా చదవాలో నాకు తెలీదు."

గోడకి ఆనుకుని నేలమీద కూలబడ్డాడు. ముప్ఫై తొమ్మిదేళ్ళ మనిషి చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. అత్తగారు మెల్లగా వచ్చి పక్కన కూర్చుంది.

"చదివేస్తే అయిపోతుంది కదరా," అంది. "అయిపోతే నన్ను ఆ బల్ల మీద పడుకోబెడతారు. నాకు భయం. మీకు చెబుదామంటే, పెద్దదాన్ని, సిగ్గు. పుస్తకం రాలేదంటే ఎవరూ అడగరు. తొమ్మిదేళ్ళు అది రావాలని మొక్కాను. ఆపరేషన్ అన్నప్పటినుంచి ఈ నాలుగు నెలలూ రాకూడదని మొక్కాను. ఆ గుంపులో పిల్లలకి తెలిస్తే నన్ను వెలివేస్తారు."

కోడలికి తన మీద తనకే సిగ్గేసింది. పొద్దున్నించి మనసులో ఎన్నేసి మాటలనుకుంది! ఈవిడకి కాగితపు మనుషులే ముద్దు అనుకుంది, కడుపున పుట్టినవాడి కంటే ఆ సరంగే ఎక్కువ అనుకుంది. రోజూ ఉదయం ఆ గొంతులకి నవ్వుతూ అబద్ధం చెప్పి, ఆ పుస్తకం మీద తల పెట్టుకుని ఈవిడ ఒక్కతే భయపడిందని ఎవరికి తెలుసు? వచ్చి అవతలి పక్కన కూర్చుని అత్తగారి చెయ్యి పట్టుకుంది.

"మాకూ భయమేనత్తయ్యా. ఆయనకీ, నాకూ. మేమూ చెప్పలేదు."

తర్వాత అత్తగారు చీర చెంగుతో కొడుకు ముఖం మీద గ్రీజు తుడవబోయి ఇంకా పులిమింది. "ఛీ, దయ్యంలా ఉన్నావు," అని నవ్వింది. ఫోన్ తెమ్మంది. ఆస్పత్రికి తనే మాట్లాడింది. "సోమవారం వస్తున్నాను. ఆ, ఖాయంగానే. ఇక మార్చను," అంది.

ఫోన్ పెట్టేసి పుస్తకం కొడుకు ఒళ్ళో పెట్టింది.

"ఈసారి నువ్వే ముందు చదువు."

"నువ్వు చదవకుండా నేను చదవనమ్మా. ఇంకా మూడు రోజులుంది, మొదలుపెట్టు."

"వద్దురా. లోపలికెళ్ళేటప్పుడు ఆవిడ చచ్చిపోయిందనీ తెలియకూడదు, బతికిందనీ తెలియకూడదు. నువ్వు చదివి ఉంచు. ఎంత అడిగినా నాకు చెప్పకు. నేనొచ్చి చదువుకుంటాను."