ట్రావెలింగ్ కాదు మేడమ్!

“ట్రావెలింగా? యాడ మేడమ్ ట్రావెలింగ్?”

చాంద్ అరుపుకు కోర్టు చుట్టూ ఉన్న గోడ మీద కూర్చున్న కుర్రాళ్ళంతా లేచి నిలబడ్డారు. బాస్కెట్‌బాల్ ఫైనల్ ముగియడానికి ఇంకా కొన్ని సెకన్లే ఉన్నాయి. అతను వేసిన బంతి వలలోంచి జారి కింద పడింది. ఆ బాస్కెట్ లెక్కలోకి వస్తే కర్నూలు జట్టుదే కప్పు. కానీ అంతకుముందే విజిల్ మోగింది.

ఊదింది రెఫరీ ఫిరోజా. బూడిద రంగు చొక్కా, నల్ల ప్యాంటు, తలకు బిగించి కట్టుకున్న స్కార్ఫ్. ఎత్తు అతని భుజం దాకా కూడా రాదు. ట్రావెలింగ్ గుర్తుగా రెండు పిడికిళ్ళనూ ఒకదాని చుట్టూ ఒకటి తిప్పి చూపించింది.

“బంతి నేలకు కొట్టకముందే ఆనించిన కాలు లేపినావు. బాస్కెట్ చెల్లదు.”

“నేను స్కూల్లో ఉన్నప్పట్నుంచీ ఇట్లనే ఆడతాండా. ఒక్కరన్నా ఊదినారా?”

“ఊదనోళ్ళను పోయి అడుగప్పా. నన్నెందుకు అడుగుతావు?”

గోడ మీద నుంచి ఎవడో కేక వేశాడు. “విజిల్ గాదు, ఇంటికి పోయి పొయ్యి ఊదుకోమనండ్రా!”

మైదానమంతా నవ్వు. ఫిరోజా ముఖం ఎర్రబడింది. అయినా అటు తిరగలేదు. బంతిని అవతలి జట్టు చేతికిచ్చి ఆట మొదలుపెట్టించింది. కర్నూలు ఒక్క పాయింటుతో ఓడిపోయింది.

తెల్లవారేసరికి చాంద్ కోపం తగ్గలేదు సరికదా, రెట్టింపైంది. ఆమె కమలాపురం పిల్ల అనీ, కర్నూలులోనే ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీగా చేస్తోందనీ కనుక్కుని, నేరుగా ఆ స్కూలుకే పోయాడు. ఆమె తొమ్మిదో తరగతి ఆడపిల్లల చేత పాస్‌లు వేయిస్తోంది.

“మా కప్పు పోగొట్టినావు మేడమ్. ఇది న్యాయమేనా?”

ఫిరోజా వెనక్కి తిరిగింది. నిన్నటి నుంచి అణచుకున్నదంతా ఆమె కళ్ళలోకి వచ్చేసింది.

“అంతమంది నన్ను పొయ్యి ఊదుకోమని నవ్వినారే, అప్పుడు యాడ పోయింది నీ న్యాయం?”

నిజమే. ఆ కేక చాంద్‌కూ వినపడింది. తనేమీ అనలేదు.

ఆమె బంతి అతని చేతికిచ్చి, పక్కనున్న స్కిప్పింగ్ తాడు తీసి, ఒక కొస అతని బూటు కిందికి తోసింది. రెండో కొస బిగించి పట్టుకుని కింద కూర్చుంది.

“నిన్న ఎట్ల ఆడినావో అట్లనే మొదలుపెట్టు. ‘ఆగు’ అంటే ఆగు.”

అతను కదిలాడు. తాడు సర్రున వచ్చి ఆమె ఒళ్ళో పడింది.

“ఆగు!”

ఆగాడు. బంతి ఇంకా అతని రెండు చేతుల్లోనే ఉంది.

మళ్ళీ చేశాడు. మళ్ళీ అంతే. ఎన్నిసార్లు చేసినా ముందు తాడు ఊడి వస్తోంది, ఆ తర్వాతే బంతి నేలకు తగులుతోంది. ఆడపిల్లలు నోటికి చేతులడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు.

“ఇన్నేండ్లు ఒక్కరూ చెప్పలేదే నాకు!” అన్నాడు చాంద్. ఈసారి కోపం ఆమె మీద కాదు.

“ఎట్ల చెప్తారు? ఆరడుగుల పైన ఉండావు. ఎట్ల వేసినా బాస్కెట్లో పడతాది. గెలిపిస్తాండే వాని తప్పు చెప్పేకి ఎవరికి మనసొస్తాది?”

“నీకొచ్చిందే!”

“నాకు మీ కప్పుతో పనిలేదు గదా.”

చాంద్ బంతిని చంకలో ఇరికించుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. “అయితే నువ్వే నేర్పియ్యి మేడమ్.”

“బంతి ఆ పక్కన పెట్టు. ముందు కాళ్ళు.”

రోజూ పొద్దున్నే, ఆడపిల్లల వరుస చివర చాంద్. పరుగెత్తడం, రెండు కాళ్ళ మీద ఆగడం, ఒక కాలు ఆనించి రెండో కాలితో తిరగడం. అది కుదిరాక గోడకేసి ఛాతీ ఎత్తులో పాస్‌లు, ఎడమచేతి డ్రిబుల్. ఎండ పైకొచ్చేసరికి కోర్టు పెనంలా కాలేది. మోకాళ్ళు నొప్పి పుట్టేవి. జిల్లా జట్టు కెప్టెన్‌ని పట్టుకుని తొమ్మిదో తరగతి పిల్ల “అన్నా, మోకాలు వంచు” అని దిద్దుతుంటే అతనికి ఒళ్ళు మండిపోయేది. అయినా మర్నాడు అందరికంటే ముందే వచ్చేవాడు. ఒక్కోసారి ఉగ్గాని బజ్జి పొట్లంతో.

“లంచమా?” అనేది ఫిరోజా, బజ్జి కొరుకుతూ.

“తినేసి అడుగుతావేం మేడమ్? ఈ పొద్దన్నా షాట్ వేయనిస్తావా?”

“నీ కాళ్ళను అడుగు. ఒప్పుకుంటే వెయ్యి.”

“కాళ్ళు ఎప్పుడో ఒప్పుకున్నాయి. ఒప్పుకోవాల్సింది నువ్వే.”

అన్నాక గానీ ఆ మాట ఎటు పోయిందో అతనికి తెలియలేదు. ఫిరోజా గబుక్కున విజిల్ నోట్లో పెట్టుకుంది. ఊదడానికి కాదు, నవ్వు కనపడకుండా.

ఒకరోజు వచ్చేసరికి ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది.

“రంగన్న సారు ఫోన్ చేసినాడు,” అంది. రంగన్న టోర్నమెంటు కమిటీ సెక్రటరీ. “ఇంకమీద మగోళ్ళ మ్యాచ్‌లకు నన్ను పిలవరంట. బల్ల దగ్గర కూర్చుని స్కోరు రాసుకోమన్నాడు. నేనుంటే గొడవలొస్తాయంట.”

“గొడవ చేసింది నేను. శిక్ష నీకా?”

ఆ సాయంత్రం కమిటీ మీటింగులో కోచ్‌లూ కెప్టెన్లూ అందరూ ఉండగా చాంద్ లేచి నిలబడ్డాడు. పక్కనున్న కోచ్ చొక్కా పట్టి లాగుతున్నా కూర్చోలేదు.

“సార్, ఫైనల్లో నేను ట్రావెల్ చేసినా. మేడమ్ ఊదింది సరైందే. తప్పు నాది, పొయ్యి ఊదుకోమన్నోళ్ళది. విని ఊరకుండిన మీదీ.”

“ఏమప్పా, కప్పు పోగొట్టిన రెఫరీని వెనకేసుకొస్తాండావా?” అన్నాడు రంగన్న.

“కప్పు పోగొట్టింది నా కాలు సార్. సరిగ్గా ఊదినోళ్ళను తీసేస్తే, రేపు ఎవరు ఊదుతారు?”

రంగన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “సరేలే. కడప టోర్నమెంటుకు ఆమెనే పిలుస్తాం.”

కడపలో సెమీఫైనల్. చాంద్ జట్టు మ్యాచ్‌కు రెఫరీగా ఫిరోజా పేరే వేశారు. తీరా ఆట మొదలయ్యే వేళకు ఇంకెవరో విజిల్ మెడలో వేసుకుని వచ్చారు. ఫిరోజాయే మార్చమని అడిగిందట.

చాంద్ విసవిసా రెఫరీల షామియానా దగ్గరికి పోయాడు.

“నీకోసం అంతమందితో కొట్లాడినా. నువ్వు నా మ్యాచే వద్దంటావా? ఇంకా కాళ్ళు కుదరలేదనా? మళ్ళీ పరువు తీస్తాననా?”

“అది గాదు.”

“మరేంది?”

ఫిరోజా చుట్టూ చూసి గొంతు తగ్గించింది. “సొంతోళ్ళ మ్యాచ్‌కు రెఫరీ పోకూడదప్పా.”

“సొంతోళ్ళెవరు? మా జట్టులో మీ చుట్టాలు ఎవరుండారు?” కోపంలో చాంద్ ఇంకా అరుస్తూనే ఉన్నాడు.

ఆమె తల దించుకుంది. స్కార్ఫ్ అంచు వేలికి చుట్టుకుంటోంది.

చాంద్ గొంతు ఒక్కసారిగా తగ్గింది.

“ఫిరోజా...” మొదటిసారి మేడమ్ అనలేదు. “నేనే ముందు చెప్పాలనుకున్నా.”

“మరి చెప్పలేదేం? అన్నిటికీ అరుస్తావు, అసలు మాట మాత్రం నోట్లోనే!” ఆమెకు నిజంగానే కోపం వచ్చింది. కళ్ళలో నీళ్ళు కూడా.

“నువ్వంటే నాకు ప్రాణం. అరిచి చెప్పమంటే అరిచి చెప్తా.”

“వద్దు! పోయి ఆడుకో. పిలుస్తాండారు.”

ఆ సెమీఫైనల్ కర్నూలే గెలిచింది. చాంద్ మీద ఒక్క ట్రావెలింగ్ కూడా పడలేదు.

నెల తిరక్కుండానే చాంద్ వాళ్ళమ్మ మౌలాబీ కొడుకును వెంటబెట్టుకుని కమలాపురం పోయింది. ఫిరోజా నాన్న పీర్ బాషాది పరుపులు కుట్టే అంగడి. ఆయన చేతిలో సూది ఆపకుండానే చాంద్‌ను ఎగాదిగా చూశాడు.

“చూడప్పా, దాచేదేం లేదు. మా పిల్లకు కోపం శానా. తప్పు కనపడితే ఎవరినీ వదలదు. వేగుతావా?”

“ఆ కోపం ఊరికే రాదు మామా,” అన్నాడు చాంద్. “న్యాయం తప్పినప్పుడే వస్తాది.”

లోపలి గదిలో గాజులు గలగలమన్నాయి. పీర్ బాషా సూదిని పరుపులో గుచ్చి పెట్టాడు.

“అప్పుడే మామా అనేసినాడే!” అని నవ్వి, మౌలాబీ వైపు తిరిగాడు. “తారీకు చూసుకుందామా అక్కా?”