పూసలకు బదులు

నేపర్‌విల్‌లో మావాళ్లంతా ఆదివారం గుడికి వెళ్తే మేం డబ్బాలు వెతకడానికి వెళ్లేవాళ్లం. 2008లో మాట. మా ఆయన రామమోహన్‌కి అప్పుడే జియోకాషింగ్ పట్టుకుంది. ఎవరో ఓ డబ్బాని ఎక్కడో దాచి, ఆ చోటు గుర్తులు ఇంటర్నెట్‌లో పెడతారు. ఈయన జీపీఎస్ పట్టుకుని దాన్ని వెతికి మురిసిపోతారు. పార్కులయ్యాయి, వంతెనలయ్యాయి. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు చివరికి పాత శ్మశానాల మీద పడ్డారు.

ఆ అక్టోబర్ సాయంత్రం మా ఐదేళ్ల స్మృతిని కూడా తీసుకెళ్లాం. ఊరు దాటాక మొక్కజొన్న చేల మధ్య చిన్న దిబ్బ, దాని చుట్టూ ఇనుప కంచె. మొదట ఈ నేల దున్నినవాళ్ల సమాధులట. కోతలైన చేలోంచి ఎండుటాకుల వాసన వస్తోంది. ఓ పొట్టి రాయి మీద గొర్రెపిల్ల బొమ్మ ఉంది. వానలకి దాని మొహం అరిగిపోయింది. ఈ దేశంలో పసిపిల్లల సమాధుల మీద ఆ బొమ్మ పెడతారని విన్నాను. నాకు మనసేం బాగాలేదు.

డబ్బా ఆ రాయి వెనకున్న చెట్టు తొర్రలో దొరికింది. నిండా బొమ్మ కార్లు, కీచైన్లు.

"నీకు నచ్చింది తీసుకో బంగారం. కానీ రూల్ గుర్తుందిగా? ఈక్వల్‌గా ఇంకోటి పెట్టాలి," అన్నారాయన.

చలికి ఆగలేక నేను ముందే వెళ్లి కార్‌లో హీటర్ వేశాను.

తిరుగుదారిలో వెనక సీటు వైపు తిరిగి స్మృతి చెయ్యి చూశాను. మణికట్టు బోసిగా ఉంది. అది పుట్టినప్పుడు మా అమ్మ కట్టిన దిష్టిపూసలు లేవు. దారం మార్చానే గానీ ఇన్నేళ్లలో వాటిని తీసి పక్కన పెట్టింది లేదు.

"బీడ్స్ అక్కడ పెట్టాను అమ్మా."

"మరి ఏం తీసుకున్నావ్?"

"ఇంకా లేదు. తను వస్తా అంది."

"ఎవరు?"

స్మృతి కిటికీ వైపు తిరిగింది.

"వెనక్కి తిప్పండి," అన్నాను.

"పూసలే కదా శశీ. మళ్లీ తెప్పిద్దాం."

"తిప్పండి."

ఆయన కారు వెనక్కి తిప్పారు.

చేరేసరికి చీకటి పడింది. స్మృతి నిద్రపోయింది. ఆయన్ని దాని దగ్గరే ఉండమని, టార్చ్ పట్టుకుని నేనొక్కదాన్నే వెళ్లాను. డబ్బా బోర్లించాను. అన్నీ ఉన్నాయి, పూసలు లేవు. మోకాళ్ల మీద కూర్చుని తడి మట్టి తడిమాను. టార్చ్ ఆరిపోయింది...

"ఏవండీ..."

నా కేక విని ఆయన పరిగెత్తుకొచ్చారు. పిల్ల నిద్రలో ఉంది కదా అని ఒంటరిగా వదిలేసి వచ్చారు. ఇద్దరం సెల్‌ఫోన్ వెలుతురులో వెతికాం. గాలి లేదు. అయినా చేలో ఎండుటాకులు గరగరలాడాయి. చిన్న అడుగులు. పరుగు. కారు వైపు...

మేమూ పరిగెత్తాం.

వెనక సీట్లో పిల్ల ఉంది. స్వెట్టర్ టోపీ మొహం మీదికి జారి, తల వాల్చి నిద్రపోతోంది. హమ్మయ్య అనుకుని పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. ఐసుముక్కలా ఉంది. ఆయన కారు తీశారు.

టింగ్... టింగ్... టింగ్...

ముందు సీట్లో ఎవరో బెల్ట్ పెట్టుకోలేదని ఎర్ర దీపం వెలుగుతోంది. ఆ సీటు ఖాళీ.

"నీ బ్యాగ్ ఇక్కడ పెట్టావా?" అని గుసగుసగా అడిగారు.

"నా ఒళ్లో ఉంది."

టక్‌మని చప్పుడైంది. టింగులు ఆగిపోయాయి. ఆయన రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి.

నేను పిల్ల చేతిని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. స్వెట్టర్ కింద ఏదో వేలికి తగిలింది. పూసలు. తడిమి చూశాను, నేను వేసిన ముడే. ఎక్కడికీ పోలేదు, దీని దగ్గరే ఉన్నాయి. నా ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు ముందు సీట్లోంచి స్మృతి గొంతు వినిపించింది, చాలా మెల్లగా.

"అమ్మా... ఎవరి చెయ్యి పట్టుకున్నావ్?"