సారంగ్‌కోట్‌లో ఒక ఫోటో

పట్టపగలే చంపారు ఫిరూలాల్ చౌధరిని.

సౌరాహా అడవి అంచున, మనిషెత్తు గడ్డిలో వంగి పులి అడుగుజాడ చూస్తున్నాడతను. మెడ మీద ఏదో కుట్టినట్టయింది. చేత్తో తట్టుకున్నాడు. నాలుగడుగులు వేసి కూలిపోయాడు. గుండెపోటన్నారు ఊళ్ళోవాళ్ళు. మెడ మీద సూదిపోటు చూసిన డాక్టరు మాత్రం ఖాట్మండుకు ఫోన్ చేశాడు.

మర్నాడు పాటన్‌లో, విగ్రహాలు పోతపోసే సందులో ఒక మేడగది.

"ఏనుగుల్ని పడగొట్టే మందు. మనిషికి చుక్క చాలు" అన్నాడు కర్నల్ బస్న్యాత్. "విదేశీ ముఠా. పులి ఎముకల వ్యాపారం. తర్వాతి గురి డాక్టర్ ఓస్గార్. శుక్రవారం పులుల సంరక్షణ సదస్సులో ముఠా పెద్దల పేర్లు బయటపెట్టబోతున్నాడు."

"గదిలో పెట్టి తాళం వేయండి."

"వినడు. పోఖరా వెళ్ళి మాఛాపుఛ్రే కొండ చూడందే కదలనంటున్నాడు. సదస్సు అతిథుల టూర్ బస్సులో సీటు పట్టేశాడు. చంపబోయేవాళ్ళూ అదే బస్సులో ఉన్నారని సమాచారం. గైడువి నువ్వే."

ఎదురుగా కూర్చున్న నిఘా అధికారిణి పద్మకేశరి తులాధర్ అతిథుల జాబితా అందుకుంది. ఫిరూలాల్ ఆమె కింద పనిచేసే వేగు. ఇంటికెళ్తానంటే "ఇంకొక్కరోజు ఉండు దాయి" అని అన్నను బతిమాలినట్టు ఆపింది తనే. ఆ మాట నిన్నటినుంచి ఆమెను వదలడం లేదు.

"తోడెవరు?"

"డ్రైవర్ లోక్‌బహాదుర్. ఇంకా ఇలీనా."

"ముఠా తిండి తింటూ మనకు కబుర్లు మోస్తుందే, ఆవిడేనా?"

"రెండు పడవల మీద కాళ్ళు పెట్టినా ఇంతవరకూ మునగలేదు" అన్నాడు కర్నల్. "గుర్తుమాటగా, కొండమీద పూలు పూశాయా అంటుంది. మొగ్గలోనే ఉన్నాయని చెప్పు."

ఆ మధ్యాహ్నమే కృష్ణ మందిరం మెట్ల దగ్గర అతిథులకు రాతి స్తంభాలు చూపిస్తోంది కేశరి. నోరు కథ చెబుతోంది, కళ్ళు చేతుల్ని వెతుకుతున్నాయి. ఎవరి చెయ్యి జేబులోకి పోయినా అటే ఒక అడుగు వేస్తోంది. ఎర్ర శాలువా, మెడలో పెద్ద కెమెరా, చుట్టూ అత్తరు గుబాళింపు... ఫ్యాషన్ ఫోటోగ్రాఫర్ ఇలీనా ఫోన్‌తో స్తంభాల ఫోటో తీసుకుంటూ పక్కకొచ్చి నిలబడింది.

"కొండమీద పూలు పూశాయా?"

"మొగ్గలోనే ఉన్నాయి."

"పక్షుల పిచ్చి ముసలాయన, వెయిల్. ఆ చేతికర్ర మీద కన్నెయ్యి" అని గుసగుసలాడి వెళ్ళిపోయింది.

ఇక కేశరికి నిద్ర లేదు, తిండి లేదు. వెయిల్ దగ్గితే ఉలిక్కిపడింది. మర్నాడు సౌరాహా అడవిలో సఫారీ జీపు ఆగింది. బురదగుంటలోంచి ఖడ్గమృగం తల ఎత్తింది. కెమెరాలన్నీ టకటకలాడాయి. ఇలీనా చేతిలో ఫోన్ ఉంది. అప్పుడే వెయిల్ డాక్టర్ వైపు కర్ర ఎత్తాడు. కేశరి ఒక్క దూకున డాక్టర్ మీద పడింది. ఇద్దరూ బురదలో దొర్లారు.

"ధనేశ పక్షి!" అన్నాడు వెయిల్ బిత్తరపోయి. "ఆయన వెనక కొమ్మ మీదుంది. చూపిద్దామనీ..."

లోక్‌బహాదుర్ చెల్లెల్ని లేపినట్టు ఆమెను లేవదీస్తూ నవ్వాడు. "బాగుంది బహినీ! ఖడ్గమృగం కూడా జడుసుకుని పారిపోయింది."

అతను నవ్వినా ఆమెకు నవ్వు రాలేదు. పోఖరా దారి పొడవునా ప్రతి మలుపులోనూ వెనక్కి తిరిగి చూసుకుంటూనే ఉంది.

పోఖరా పైనున్న సారంగ్‌కోట్ గుట్ట మీద తెల్లవారింది. ఎదురుగా మాఛాపుఛ్రే శిఖరం కొసకు ముందు గులాబీ రంగు, తర్వాత బంగారం పాకాయి. అందరూ పిట్టగోడ దగ్గరికి చేరారు. చియా దుకాణం నుంచి పొగలు కక్కే టీ గ్లాసు అందుకుని వెయిల్ పక్కనే నిలబడింది కేశరి. అతని కర్ర గోడకు ఆనించి ఉంది. ముసలాయన కళ్ళలో నీళ్ళు.

కొండను చూసి ఏడ్చేవాడు హంతకుడా?

"డాక్టర్, కొండకు వీపు పెట్టి నిలబడండి. ఫోటో!" ఇలీనా గొంతు తీయగా వినిపించింది. పెద్ద కెమెరా కంటికి ఆనింది.

ఖడ్గమృగం పదడుగుల్లో నిలబడితే ఈవిడ ఫోన్‌తో తీసింది. పాటన్‌లోనూ ఫోన్‌తోనే. ఈ కెమెరా ఒక్కసారైనా క్లిక్‌మనలేదు!

అరిచే వ్యవధి లేదు. చేతిలో ఉన్నది విసిరేసింది కేశరి. మరిగే చియా ఇలీనా మొహాన చిమ్మింది. కెమెరా పక్కకు తిరిగి టప్పుమంది. డాక్టర్ చెవి పక్కనుంచి దూసుకుపోయిన సూది, వెనక చెక్క బోర్డులో దిగబడి వణికింది.

లోక్‌బహాదుర్ ఇలీనా చేతులు వెనక్కి విరిచాడు. దుకాణం ముసలమ్మ లబోదిబోమంది. "చియా బాగాలేకపోతే చెప్పాలిగానీ మొహాన కొడతారా!"

"తెలివైనదానివే కేశరీ" అంది ఇలీనా పళ్ళు బిగించి. "నన్ను నమ్మావనుకున్నాను."

"ఫిరూలాల్‌ను కూడా నువ్వేనా?"

"ఎవరతను?"

కేశరి చెయ్యి లేచింది. ఆగింది. "గడ్డిలో పడిపోయినతను" అంది మెల్లగా. "పేరు ఫిరూలాల్ చౌధరి. కోర్టులో మళ్ళీ మళ్ళీ వింటావు, గుర్తుపెట్టుకో."

ఇలీనాను కిందికి తీసుకుపోయారు. డాక్టర్ ఓస్గార్ అరుగు మీద కూలబడి చాలాసేపు చెవి తడుముకుంటూనే ఉన్నాడు. కేశరి ఇంకో చియా తెచ్చి ఆయన చేతిలో పెట్టి, తనూ పక్కనే కూర్చుంది. ఎన్నాళ్ళకో ఊపిరి లోపలిదాకా వెళ్ళినట్టనిపించింది. చివరికి డాక్టర్ లేచి కొండవైపు తిరిగాడు. అక్కడ మబ్బు తప్ప ఏమీ లేదు.

"అయ్యో దిదీ, నేను వీపు పెట్టి నిలబడ్డాను. సరిగ్గా చూడనేలేదు!" అన్నాడు చిన్నపిల్లాడిలా. "రేపు మళ్ళీ రావచ్చా?"

"రావచ్చు డాక్టర్ సాబ్" అంది కేశరి. "కానీ ఫోటో నేను తీస్తాను."