నాలుగు నిమిషాల బజారు

"మీకు రొట్టె అమ్మం, మిస్టర్ రూనీ," అంది లిబ్బీ కుచేరా.

ఎమ్మెట్ రూనీ చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోయింది. మూడేళ్లుగా అతను ఈ ట్రాము నడుపుతున్నాడు. రోజూ పొద్దున్నే ఈ కొట్లోనే గసగసాల రొట్టె కొనుక్కుంటాడు. నిన్నటిదాకా ఆమెకు అతను 'ఎమ్మెట్', 'నువ్వు'. ఇవాళ మిస్టర్ రూనీ అయిపోయాడు.

"నేనేం చేశాను?"

"కొత్త బస్సులు నడపడానికి పేరిచ్చారుగా. డిపో గోడ మీద లిస్టు అంటించారు. అందరికన్నా పైన మీదే."

అతను నోరు తెరిచేలోపు ఆమె తలుపు బార్లా తెరిచి పట్టుకుంది. బయట వాన. టోపీ పెట్టుకుని వానలోకి నడిచాడు.

లిబ్బీది ఊరికే వచ్చిన కోపం కాదు. ఎల్డర్‌వుడ్ ఒకప్పుడు క్యాబేజీ పొలం. నలభై అయిదేళ్ల కిందట నగరం నుంచి ట్రాము పట్టాలు వేసుకుంటూ వచ్చి, గట్టు అడ్డమొస్తే ఇక్కడ ఆపేశారు. ట్రాము తిరగడానికి చోటు లేదు. అందుకని డ్రైవరు దిగి, పైన కరెంటు తీగను తాకే కడ్డీని తాడుతో రెండోవైపుకు తిప్పాలి. లోపలికెళ్లి, కూర్చున్నవాళ్లు వెళ్లే వైపుకే చూసేలా ఒక్కో సీటు వీపుచెక్కనూ ఇటునుంచి అటు వాల్చాలి. అంతా కలిపి నాలుగు నిమిషాలు.

ఎక్కాల్సినవాళ్లు అంతసేపూ ఏం చేస్తారు? లిబ్బీ తాత ఒక బల్ల వేసి రొట్టెలు పెట్టాడు. పక్కన ఒక బార్బరు తన కుర్చీ వేశాడు. తర్వాత బూట్లు కుట్టే ఆయన, మందుల షాపు. బజారంతా ఆ నాలుగు నిమిషాల్లోంచే మొలిచింది.

బస్సుకు వాల్చాల్సిన సీట్లుండవు. చర్చి చుట్టూ ఒక చుట్టు తిరిగి, ఆగకుండా పోతుంది. సోమవారం నుంచి ట్రాము ఉండదు, ఇక బస్సులే. బస్సులొద్దని లిబ్బీ ఇంటింటికీ తిరిగి పెట్టించిన సంతకాల్లో అతనిదీ ఉంది. ఆమెకు మండింది అక్కడే.

"కంపెనీ మీది కోపం ఆ అబ్బాయి మీద చూపిస్తావేంటే," అంది తల్లి పిండి పిసుకుతూ.

"కంపెనీవాళ్లు నాతో పెళ్లి మాట ఎత్తలేదమ్మా. ఈయన ఎత్తాడు."

ఆదివారం ఆఖరి ట్రాముకు ఊరంతా వెళ్లింది. లిబ్బీ వెళ్లలేదు. కిటికీకి వీపు పెట్టి, గంట మోత దూరమయ్యేదాకా పిండిని గుద్దుతూనే ఉంది.

సోమవారం బస్సు వచ్చింది. జనం దిగారు. డ్రైవరు ఇంజన్ ఆపేశాడు.

ఎమ్మెట్ లేచి చివరి సీటు దాకా వెళ్లాడు. దాని వీపు రెండు చేతులా పట్టుకుని బలంగా లాగాడు. అది కదల్లేదు. మళ్లీ లాగాడు. అప్పుడు ఇది ట్రాము కాదని గుర్తొచ్చినట్టుంది, వంగి సీటు కింద చూశాడు. పక్క సీటు దగ్గరా అతని చెయ్యి ముందు వీపు మీదికే పోయింది.

బయట తుంపర. ఎక్కాల్సినవాళ్లు చూసి చూసి కొట్లోకి వచ్చారు. లిబ్బీ ఎవరికో ఇవ్వబోయిన రొట్టె చేతిలో ఉండగానే విసురుగా వెళ్లి బస్సెక్కింది.

"ఏం చేస్తున్నారు?"

"ఎవరైనా ఏదైనా మరిచిపోయారేమోనని. చివరి స్టాపులో ప్రతి సీటూ చూడాలట. కంపెనీ రూల్సు పుస్తకంలో ఉంది. ఎంతసేపు చూడాలో మాత్రం రాయలేదు."

ఆమె అతను లాగిన సీటు వంక చూసింది.

"ముందు పేరిచ్చినవాళ్లకే రూటు అడిగే హక్కు, లిబ్బీ. అందుకే ఇచ్చాను. ఈ రూటే కావాలన్నాను."

"ఆ రోజే చెప్పొచ్చుగా."

"తలుపు తీసి పట్టుకున్నావు. అయినా ఈ రూటు వస్తుందో రాదో నాకే తెలీదు. నిన్ననే చెప్పారు."

కోపం పోలేదు. ఇన్నాళ్లూ ఉత్తపుణ్యానికి కోపం తెప్పించాడని మళ్లీ కొత్తగా వచ్చింది.

"ఆ సీటు పీకేశావు చూడు," అంది.

"అలవాటు. ఒక బోల్టు ఊడినట్టుంది."

లిబ్బీ నవ్వు రాకుండా పెదవి కొరుక్కుంది. చేతిలోని గసగసాల రొట్టెను ముందు సీటులో పెట్టింది.

"ఇదెవరో మరిచిపోయారు. సరిగ్గా చూడడం కూడా రాదు నీకు."

"దొరికిన వస్తువు సొంతదారుకు అప్పగించాలని కూడా రూలుంది," అన్నాడు ఎమ్మెట్.

ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది. "అయితే సాయంత్రం ఇంటికి తెచ్చియ్యి," అంది వెనక్కి తిరక్కుండా, అదే కోపంతో. "అమ్మతో మాట్లాడాల్సింది ఉందిగా నీకు."