గొంతు వాడిదే

ఉదయం తొమ్మిదింటికి స్టూడియో ఊడవడానికి వచ్చి తలుపు తీసిన అమ్మాయి కెవ్వున అరిచింది.

రికార్డింగ్ గదిలో సౌండ్ ఇంజనీరు బోర్లా పడి ఉన్నాడు. తల వెనక దెబ్బ. పక్కనే ఇనుప మైక్ స్టాండు. జేబులో ఫోన్.

ఆ ఫోన్‌లో ముందురోజు సాయంత్రం 6:10కి బావమరిది నంబరు నుంచి వచ్చిన వాయిస్ మెసేజ్ ఉంది.

"మా అక్కని ఇంకోసారి ఏడిపించావంటే నిన్ను బతకనివ్వను బావా."

పోలీసులకు అది చాలింది. బావమరిది అదే స్టూడియోలో పాఠాలు చదివి రికార్డు చేస్తుంటాడు. ఆ సాయంత్రం ఎక్కడున్నావంటే ఒంటరిగా నడిచి ఇంటికెళ్లానన్నాడు. చూసినవాళ్లు లేరు. భార్యాభర్తలు ఆ వారమే గొడవపడ్డారని పక్కింటివాళ్లు చెప్పారు.

అయినా అతని మెడకు ఉచ్చు బిగించింది పోలీసులు కాదు. అతని అక్క.

స్టేషన్‌లో మెసేజ్ వినిపించగానే ఆమె చీర కొంగు నోట్లో కుక్కుకుంది. "గొంతు వాడిదే," అంది.

జైల్లో అతను తిండి మానేశాడు. ప్లీడరు మొరపెట్టుకుంటే, ఆ మెసేజ్‌ను మళ్లీ పరిశీలించమని కోర్టు ఆదేశించింది. అలా ఆ కేసు సైబర్ విభాగం ఇన్‌స్పెక్టర్ బల్లమీదికి వచ్చింది. ఆవిడ ఫైలు ఆసాంతం చదివింది.

"ఇంకా ఏముంది మేడమ్ చూడ్డానికి?" అన్నాడు కేసు పట్టిన ఎస్సై. "ల్యాబ్ వాళ్లు గొంతు కలిసిందన్నారు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ కూడా పెట్టాం."

"ఫోన్‌లో ఉన్న ఫైలు మారలేదని ఆ సర్టిఫికెట్ చెబుతుంది. ఆ ఫైలు ఎలా పుట్టిందో చెప్పదు. ఈ మెసేజ్ మొదట తెరిచిందెవరు?"

"మేమే మేడమ్. శవం దొరికాక."

"అంటే చచ్చిపోయినాయన దాన్ని విననే లేదు. అది వచ్చేసరికే పోయి ఉండొచ్చు."

ఎస్సై ఫైలు తనవైపు లాక్కుని మళ్లీ తిరగేశాడు.

జైలు ఆసుపత్రిలో బావమరిది గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎముకల గూడులా ఉన్నాడు. ఇన్‌స్పెక్టర్ ఎన్ని ప్రశ్నలేసినా ఉలకలేదు, పలకలేదు. ఆవిడ లేచాక మాత్రం ఒక్క మాట అన్నాడు.

"అమ్మే నా గొంతని చెప్పిందిగా. ఇంకెవరికి చెప్పుకోను?"

ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో ఆగిపోయింది. అతని చిన్నప్పుడే తల్లి పోయిందని ఫైల్లో ఉంది.

ఆవిడ నేరుగా అక్క ఇంటికి వెళ్లింది.

"మీ తమ్ముడు మిమ్మల్ని ఏమని పిలుస్తాడు?"

"అమ్మా అంటాడు. మా అమ్మ పోయేనాటికి వాడికి మాటలు కూడా సరిగా రావు. నేనే పెంచాను. బయటివాళ్ల ముందు సిగ్గు వాడికి, అక్క అంటాడు."

"మీ ఆయనతో మాట్లాడేటప్పుడు?"

"ఆయన దగ్గర సిగ్గేంటండీ? 'అమ్మ అన్నం పెట్టుకుని కూర్చుంది, త్వరగా రా బావా' అని ఫోన్ చేసేవాడు..."

ఆమె మాట అక్కడే తెగిపోయింది.

"మెసేజ్‌లో 'మా అక్క' అని ఉంది," అంది ఇన్‌స్పెక్టర్ మెల్లగా.

ఆమె గోడకు ఆనుకుంది. "గొంతు విన్నానమ్మా. మాట వినలేదు. చేతులారా పెంచినవాణ్ణి చేతులారా పంపించాను."

"ఈ ఒక్క మాట కోర్టులో చాలదు. ఆ మెసేజ్ ఎక్కడ పుట్టిందో పట్టుకోవాలి."

మెసేజింగ్ కంపెనీ జవాబిచ్చింది. ఆ మెసేజ్ అతని ఫోన్ నుంచి పోలేదు. స్టూడియో కంప్యూటర్ నుంచి పోయింది. పాఠాల ఫైళ్లు అందుకోవడానికి అతను తన అకౌంటు అందులో తెరిచే ఉంచేవాడు. ఇన్‌స్పెక్టర్ కోర్టు నుంచి వారంట్ తెచ్చి, ఆ కంప్యూటర్‌తో పాటు, ఇంజనీరుతో కలిసి స్టూడియో నడిపే పార్ట్‌నర్ ల్యాప్‌టాప్ కూడా ఫోరెన్సిక్‌కు పంపింది.

రిపోర్టు అందిన మధ్యాహ్నం పార్ట్‌నర్‌నీ, అక్కనీ రికార్డింగ్ గదిలో కూర్చోబెట్టింది.

"ఆ కంప్యూటర్ అందరూ వాడతారు మేడమ్," అన్నాడు పార్ట్‌నర్. "వాడే కూర్చుని పంపుంటాడు."

"అయితే మీ ల్యాప్‌టాప్‌లో మీరు చెరిపేసిన ఫైళ్లలో ఇవెందుకున్నాయి?"

ఆవిడ బటన్ నొక్కింది.

బావమరిది గొంతు గదంతా నిండింది. అదే వాక్యం. మొదటిసారి పాఠం చదువుతున్నట్టుగా. రెండోసారి మరీ మెత్తగా. తర్వాత కోపంగా. అక్క చెవులు మూసుకుంది.

"అతను గంటల తరబడి చదివిన పాఠాలన్నీ మీ దగ్గరున్నాయి. వాటితో, టైప్ చేసిన మాటని అచ్చం అతనిలా పలికే నకిలీ గొంతు కంప్యూటర్లో తయారుచేశారు. అతనిదొక్కటే కాదు, ఇక్కడ చదివిన వాళ్లందరి గొంతులూ వాళ్లకు చెప్పకుండా అమ్ముకున్నారు. ఇంజనీరు కనిపెట్టాడు, కంప్లైంట్ ఇస్తానని ఆయన మీకు రాసిన మెయిల్ కూడా అందులోనే దొరికింది. మీరు స్టాండు ఎత్తారు. తర్వాత ఇదే కుర్చీలో కూర్చుని ఆ వాక్యం టైప్ చేశారు. ఆ ఇంట్లో ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారో మీకెలా తెలుస్తుంది? మీ ముందు అతను ఎప్పుడూ అక్క అనే అన్నాడు."

పార్ట్‌నర్ చేతులు జోడించాడు. "కొట్టాలని రాలేదు మేడమ్. చెయ్యి ఎలా లేచిందో..."

అక్క లేచి అతని ముందుకు వచ్చింది.

"నువ్వు టైప్ చేస్తున్నప్పుడు ఆయనకి ఊపిరుందా?"

అతను తల దించుకున్నాడు.

"ఉందా అని అడుగుతున్నా!"

ఎస్సై అతని రెక్క పట్టుకుని బయటికి నడిపించాడు.

విడుదల ఉత్తర్వు అందిన రోజు అక్కను ఇన్‌స్పెక్టరే జైలు గేటు దగ్గరికి తీసుకెళ్లింది. బావమరిది నడవలేక నడవలేక వచ్చాడు. చొక్కా ఒంటిమీద వేలాడుతోంది.

"క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదురా," అంది అక్క.

అతను నేలచూపులు చూశాడు.

"స్టేషన్‌లో నాకూ వినిపించారు," అన్నాడు. "మళ్లీ మళ్లీ వినిపించారు. వినగా వినగా, నేనే అన్నానేమో అనిపించింది. ఎప్పుడన్నానా అని తెల్లవార్లూ వెతుక్కున్నాను. నాకే తెలియనప్పుడు నీకేం తెలుస్తుంది?"

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. అతను విడిపించుకోలేదు. అలాగని ఆమె వైపు చూడనూ లేదు.

ఇన్‌స్పెక్టర్ జీపు తలుపు తెరిచి పట్టుకుని నిలబడింది.